పిల్లి తినే చేప

లెప్పాలహ్తి
ఏప్రిల్ చివరి వారం

కైసూ,

బస్సులో వచ్చిన పెట్టె తెరిచి, ముందు ఈ కాగితం తీసుకుని కూర్చుని ఉంటావు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. ముందు పెట్టెలో ఉన్నది ఫ్రీజర్‌లో పెట్టిరా, నేను ఆగుతాను.

పెట్టావా? ఫోన్ చేస్తే పోయేదానికి ఈ రాతలేమిటని గొణుక్కోకు. ఫోన్‌లో నేను "ఊఁ" అంటాను, నువ్వు "ఇంకేంటి?" అంటావు, నేను మళ్ళీ "ఊఁ" అంటాను. కాగితం మీదైతే నన్నెవరూ తొందరపెట్టరు.

సంగతేమిటంటే, మా బడి వంటింటి మీద మున్సిపాలిటీ కన్ను పడింది. పిల్లలు ప్లేట్లలో వదిలేసింది తూచడానికి పోయిన నెల ఒకాయన వచ్చాడు. చెత్త డబ్బా తూకం మీద పెట్టి, నా మొహం చూసి, "ఇంత పారేస్తున్నారా?" అన్నాడు. ఆ రోజు చేప. ఎక్కడో సముద్రంలో పట్టి, ఇంకెక్కడో కోసి, పలకల్లా గడ్డకట్టించి మాకు పంపే చేప. అది పిల్లలు తినకపోతే తప్పు వాళ్ళదా? ఆగస్టులో బడి తెరిచిన కొత్తలో మళ్ళీ తూస్తారట. అప్పటికీ డబ్బా బరువు తగ్గకపోతే మా పొయ్యిలు ఆర్పేసి, టౌన్‌లోని పెద్ద వంటశాల నుంచి లారీలో భోజనం తెస్తారట. ఇక నా పని ఆ డబ్బాల మూతలు తీయడం. అంతకంటే అవమానం ఏముంటుంది చెప్పు.

నాకో ఆలోచన వచ్చింది. మన సరస్సు ఏటా వేసవికి పచ్చగా పాచి పడుతోందని చేపల సంఘం వాళ్ళు మంచు కింద వలలు లాగి సార్కి చేపల్ని తీసేస్తున్నారు. టన్నులకొద్దీ తీసి, అడవిలో గొయ్యి తవ్వి పూడ్చేస్తున్నారు. మేమేమో బయటి నుంచి చేప కొంటున్నాం, గుమ్మం ముందు దొరికే చేపని మట్టిలో కలుపుతున్నాం. ఇదేం పని అని నాకు తోచింది. కాసిని తెచ్చి రుబ్బాను, వడలు చేశాను. పెట్టెలో ఉన్నవి అవే.

నాకు తెలుసు. సార్కి అంటే ముళ్ళు, సార్కి అంటే పిల్లి తిండి. అమ్మ ఉండి ఉంటే ఈ పెట్టెని గుమ్మం దాటనిచ్చేదే కాదు. కాని నీ ఇంట్లో నాలుగు నోళ్ళు, నాలుగు రకాల పేచీలు. నా బడి మొత్తం నీ ఇంట్లో ఉంది. అక్కడ నెగ్గితే ఇక్కడ నెగ్గుతుంది. వేయించి నలుగురికీ పెట్టు. ఎవరేమన్నారో, ఎంత వదిలేశారో ఉన్నదున్నట్టు రాయి. నా అభిప్రాయం అడక్కు, వంటవాడికి తన వంట ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఇల్మరి

*

టాంపెరె
మే నెల

అన్నయ్యా,

ఇక్కడ నలుగురం నాలుగు దిక్కుల క్షేమమే. ఒకే ఇంట్లో ఉన్నామని చెప్పుకోవడానికి సాక్ష్యం చెప్పుల స్టాండు ఒక్కటే.

నీ మేనకోడలు పిహ్లా ఈ చలికాలం బడిలో వాతావరణం మీద ఏదో పాఠం చదివి వచ్చి, ఇక ఆవునీ పందినీ ముట్టనని ప్రకటించింది. సరే తల్లీ అన్నాను. పప్పులూ చిక్కుళ్ళూ కొన్నాను. ఆదివారం పెద్ద గిన్నెలో వండాను, వారమంతా ఇదే, ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. బుధవారానికి ఆ గిన్నె మూత తీసేవాళ్ళు లేరు. చివరికి చెత్తలో వేస్తుంటే పిహ్లా పక్కన నిలబడి, "అమ్మా, పారేసిన తిండి కూడా భూమికి బరువే" అంది. ఆ పిల్ల చెప్పేది నిజమే, అందుకే మరీ ఒళ్ళు మండింది.

ఓట్సో సంగతి నీకు తెలుసు. వాడికి ఎనిమిదేళ్ళు వచ్చినా ప్లేటులో పచ్చటిదేది కనబడినా పోలీసులా వేలు పెట్టి చూపిస్తాడు. వాడికి సాసేజి ఉంటే చాలు. మా ఆయన రైమో ట్రామ్ షిఫ్టు దిగి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ దీపం వెలుగులోనే నిలబడి తినేస్తాడు. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం గొట్టాలు లెక్కపెట్టి వచ్చేసరికి సింకులో నాలుగు రకాల గిన్నెలుంటాయి. వాటిని చూసే ఎవరేం తిన్నారో తెలుసుకుంటాను.

నీ వడల మాటకొస్తే, అన్నయ్యా, అందరికీ భలే నచ్చాయి! ఓట్సో ప్లేటు నాకేశాడు. పిహ్లా "మామయ్య చేతిలో ఏదో ఉంది" అంది. రైమో అయితే మూడోసారి వడ్డించుకున్నాడు. ముల్లన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఒక్కటీ మిగల్లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

కైసు

*

లెప్పాలహ్తి
జూన్, నడివేసవి పండగ వెళ్ళిన మర్నాడు

కైసూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. రైమో మూడోసారి వడ్డించుకున్నాడా! మీ పెళ్ళయిన కొత్తలో పడవలో నా ఎదురుగా కూర్చుని, "మా ఊళ్ళో సార్కిని బంగాళాదుంప పాదుల్లో పూడుస్తాం బావా, దుంపలు బాగా ఊరతాయి" అన్న మనిషేనా? అప్పుడు వాడి మొహం ఎలా ఉంది? చేప పేరు ముందే చెప్పావా, తిన్నాక చెప్పావా? ఇవి నువ్వు రాయలేదు. నాకు కావలసినవి ఇవే.

ఆ ధైర్యంతో నేను బడి సమావేశంలో నోరు విప్పాను. నేను! సమావేశాల్లో ఎప్పుడూ గోడకి ఆనుకుని కాఫీ తాగి వచ్చేవాణ్ణి కదా. లేచి నిలబడి, "తూకం వేసే రోజున సార్కి వడలే పెడతాను" అన్నాను. హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసేసి చూసింది. "పిల్లలు తింటారని ఏమిటి నమ్మకం, ఇల్మరి?" అంది. "టాంపెరెలో మా చెల్లెలి ఇంట్లో పరీక్ష చేశాం. నాలుగు ప్లేట్లూ ఖాళీ" అన్నాను. అంతే, రాసేసుకున్నారు. ఆగస్టు రెండో బుధవారం. ఇక వెనక్కి పోవడానికి లేదు.

మళ్ళీ ఒక పెట్టె పంపుతున్నాను. ఇవి ఈ నెలలో ఒడ్డు దగ్గర బుట్టవలలో పడ్డ చేపలు. ఈసారి పైన రొట్టెలకి వాడే రై పిండి అద్ది, సోయాకూర కాస్త ఎక్కువ వేశాను. ఓట్సోకి పచ్చటిది కనబడకుండా సన్నగా తరిగాను, వాడి వేలికి పని లేకుండా. పాతవాటికీ వీటికీ తేడా ఏమైనా ఉందేమో అడిగి చెప్పు. దాపరికం వద్దు. ఈ వంటిల్లు పోతే నేనేం చేస్తానో నాకే తెలీదు.

ఇల్మరి

*

టాంపెరె
జూలై

అన్నయ్యా,

రెండో పెట్టె మొదటిదానికంటే బాగుంది! రై పిండి మంచి ఆలోచన. తేడా ఏమిటంటే ఇంకా కరకరలాడాయి. ఓట్సోకి పచ్చటిది కనబడనే లేదు. రైమోకి పేరు తిన్నాకే చెప్పాను, "అలాగా" అని ఊరుకున్నాడు. సెలవు మీద వెళ్ళినవాళ్ళ బదులు నేను డ్యూటీకి వెళ్ళాల్సి వస్తోంది, తీరిగ్గా మళ్ళీ రాస్తాను. ఈ కవరు పిహ్లా పోస్టులో వేస్తానంది.

కైసు

*

(అదే కవరులో, నోటుబుక్కులోంచి చింపిన కాగితం)

మామయ్యా,

ఇది అమ్మకి తెలీకుండా పెడుతున్నాను. అమ్మ రాసింది నమ్మకు.

మొదటి పెట్టె వచ్చిన రోజు అమ్మ యూనిఫాం కూడా విప్పకుండా సోఫాలో నిద్రపోయింది. మేం పిజ్జా వేడి చేసుకున్నాం. తర్వాత రేపు, ఎల్లుండి అంటూ ఉండిపోయింది. రెండు పెట్టెలూ ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. నాన్నకి సార్కి సంగతే తెలీదు. అమ్మ చెడ్డది కాదు. అలిసిపోతుంది. నీకు కాదని చెప్పలేకపోయింది, అంతే.

కాని నీ బడిలో నిజంగా వడ్డిస్తావని నీ ఉత్తరం చూశాక నాకు భయం వేసింది. అందుకని నిన్న నేనే రెండు పెట్టెల్లోంచీ కొన్ని తీసి వేయించాను. నిజం చెప్పనా? ఏప్రిల్ పెట్టెలోవి బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి. జూన్ పెట్టెలోవి బురద రుచి. మింగలేకపోయాను. కొంచెం సాస్ వేసుకున్నా బురదే. రెండింట్లోనూ ముళ్ళున్నాయి. చిన్నవే, కాని నాలుకకి తగులుతాయి. ఓట్సోకి ఒక్కటి తగిలినా వాడు పెద్దయ్యాక కూడా చెప్పుకుంటాడు.

నాకు కొన్ని ప్రశ్నలు. సార్కిని తీసేస్తే పాచి ఎందుకు తగ్గుతుంది? సరస్సు కోసం వాటిని ఎలాగూ పట్టి పూడ్చేస్తుంటే, నేను తింటే కొత్తగా ఏదీ చావదు కదా? అప్పుడు నేను తినొచ్చు కదా? దీని గురించి చాలా ఆలోచించాను, ఎవరినడగాలో తెలీలేదు.

ఇంకోటి. బడి బోర్డు మీద "సరస్సు చేప" అని రాయకు. మా బడిలో అలా ఏదో పేరు పెట్టి చిక్కుళ్ళు పెట్టారు. తెలిశాక అందరూ వారం రోజులు అన్నీ అనుమానంగా కెలికి చూశారు. సార్కి అనే రాయి.

పిహ్లా

*

లెప్పాలహ్తి
జూలై

పిహ్లా,

ఈ ఉత్తరం నీ పేరున వస్తుంది కనక ముందు నువ్వే తెరుస్తావు.

నీ కాగితం చదివి పడవలోకి వెళ్ళి కూర్చున్నాను. బాధ వేసింది, లేదని అనను. మీ అమ్మ మీద కోపం కూడా వచ్చింది. రైమో మూడోసారి వడ్డించుకున్నాడని ఊరంతా చెప్పాను మరి. కాసేపయ్యాక, యూనిఫాంలో సోఫా మీద నిద్రపోయిన మీ అమ్మే కళ్ళ ముందు మెదిలింది. ఎవరి మీద కోప్పడేది? ఆ మనిషికి రెండు పెట్టెల పని అంటగట్టినవాణ్ణి నేనే కదా.

ఇక నీ ప్రశ్నలు. నీళ్ళలో కంటికి ఆనని పురుగులు కొన్ని పాచిని తిని బతుకుతాయి. సార్కి ఆ పురుగుల్ని తినేస్తుంది. ఇక పాచికి అడ్డెవరు? పైగా సార్కి అడుగుమట్టిని కెలుకుతుంది, మట్టిలోని ఎరువు పైకి లేచి పాచికి బలం. అందుకని వాటిని పలచన చేస్తారు. అన్నిటినీ కాదు, గుంపు బాగా పెరిగినప్పుడే. నువ్వు తినొచ్చా అన్నది నేను చెప్పేది కాదు. కాని నీ లెక్కలో తప్పు నాకైతే కనబడలేదు.

బురద సంగతి మాత్రం నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు. మా చేపల సంఘం ముసలాళ్ళని అడిగాను. "నీళ్ళు వెచ్చబడ్డాక పట్టిన సార్కి అంతే, ఆ మాత్రం తెలీదా? వంటవాడివి కదా!" అని నవ్వారు. మంచు కింద పట్టినవి నా దగ్గర వేరే ఫ్రీజర్‌లో ఉన్నాయి, బడికి సరిపోతాయి. వేసవివన్నీ పక్కింటి పిల్లికి రాసిచ్చేశాను. ముళ్ళు నలగడానికి మరకి సన్న చిల్లుల బిళ్ళ వేసి, రెండుసార్లు రుబ్బి చూస్తాను. ఈ బస్సులో పంపేది అదే. వేయించి, ఎవరేమన్నారో నువ్వే రాయి. చేదుగా ఉంటే చేదని రాయి.

మీ అమ్మకి నాకు తెలుసని చెప్పకు. తనే చెబితే బాగుంటుంది.

మామయ్య

*

టాంపెరె
ఆగస్టు మొదట్లో

అన్నయ్యా,

చెప్పింది. నీ మేనకోడలికి కడుపులో మాట దాగదు, నీ పోలిక కాదు.

నిన్న షిఫ్టు దిగి మెట్లెక్కుతుంటే వేపుడు వాసన. మా ఇంట్లోంచేనని తలుపు తీసేదాకా నమ్మలేదు. పిహ్లా నా ఏప్రన్ కట్టుకుని పెనం ముందు ఉంది. "అమ్మా, మామయ్యకి అంతా రాసేశాను" అంది, వెనక్కి తిరక్కుండానే. ఒక్క క్షణం దాన్ని చంపేద్దామనిపించింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నన్ను నువ్వు ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక్క సాయం అడిగావు. పెనం పొయ్యి మీద పెట్టడం. అది కూడా నాకు కుదరలేదని రాయడానికి చెయ్యి రాలేదు. ఒకసారి బాగుందని రాశాక రెండోసారి రాయడం తేలికైపోయింది. నువ్వు సమావేశంలో లేచి మాట్లాడావని చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను తిట్టు.

నిన్న జరిగింది మాత్రం కల్పన కాదు, రాస్తాను. ఓట్సో వాసనకి వచ్చి, "ఇదేం చేప?" అన్నాడు. పిహ్లా చెప్పింది. "పిల్లులు తినేదా? అయితే పిల్లి ఎలా తింటుందో అలా తింటా" అని చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకున్నాడు. సగం తిన్నాడు, సగం నేల మీద పడింది. అదే సమయానికి రైమో వచ్చాడు. అలవాటు కొద్దీ పెనం దగ్గరే నిలబడి ఒకటి తిన్నాడు, రెండోది అందుకున్నాడు.

"బాగున్నాయే. ముయిక్కు చేపా?" అన్నాడు, అందరూ ఇష్టపడి కొనే చేప పేరు చెప్పి.

"కాదు నాన్నా. సార్కి."

నమలడం ఆగిపోయింది. మింగాలా ఉమ్మాలా అని మమ్మల్నందర్నీ చూశాడు. మేం ముగ్గురం అతని గొంతు వంకే చూస్తున్నాం. చివరికి మింగాడు. "మా నాన్న చూస్తే ఇంట్లోంచి గెంటేసేవాడు" అన్నాడు. రెండోది కింద పెట్టేసి స్నానానికి వెళ్ళాడు. కాసేపటికి తడి జుట్టుతో వచ్చి, కుర్చీ లాక్కుని, "అయినా ముళ్ళేవీ?" అంటూ ఆ రెండోదాన్ని ఫోర్కుతో విప్పి వెతకడం మొదలెట్టాడు. పిహ్లా పక్కన కూర్చుని రుబ్బే పద్ధతి చెబుతోంది. ఓట్సో ముల్లు దొరికితే తనకే కావాలని బల్ల మీదికి వంగాడు. నేనూ కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఫోన్ చూడలేదు. చలికాలం నుంచీ నేను పప్పులతో, చిక్కుళ్ళతో, అరుపులతో చేయలేకపోయింది అదే.

కాని అన్నయ్యా, మా నలుగురి మాట నమ్మి నువ్వు ఆ బుధవారానికి వెళ్ళకు. నా ఇంట్లో ఓట్సో ఒక్కడు, నీ బడినిండా ఓట్సోలే. ఇంకా టైముంది, మెనూ మార్చమను. మాకరోనీ పెట్టు. అది ఏ పిల్లా వదలదు. నా అబద్ధాలకి నీ వంటిల్లు పోతే నేను తట్టుకోలేను.

కైసు

*

లెప్పాలహ్తి
ఆగస్టు, రెండో శుక్రవారం

కైసూ,

తిట్టమన్నావు. తిడదామనే మొదలుపెట్టాను, కాని ముందు నా సంగతి విను. విన్నాక ఎవరు ఎవర్ని తిట్టాలో నువ్వే తేల్చు.

మాకరోనీ పెట్టలేదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "సార్కి వడలు, ఉడికించిన దుంపలు" అని రాశాను. పిహ్లా చెప్పినట్టే. హెడ్మాస్టరమ్మ చదివి, "ఇంత నిజాయితీ అవసరమా, ఇల్మరి?" అంది. తూకం ఆయన తన సామాను చెత్త డబ్బా పక్కన పెట్టుకుని కుర్చీ వేసుకున్నాడు.

ముందు పెద్ద తరగతి మగపిల్లలు వచ్చారు. బోర్డు చూశారు. ఒకడు "మ్యావ్" అన్నాడు. అంతే, వరస వరసంతా మ్యావ్ మ్యావ్. హాలు పిల్లుల సంత అయిపోయింది. ఒక్కొక్కడూ ఒక్కో వడ, అదీ మర్యాద కోసం తీసుకుని, ప్లేటు అంచుకి తోసి కూర్చున్నారు. నా పని అయిపోయిందని అప్పుడే అనుకున్నాను.

తర్వాత ఒకటో తరగతి. బడికి వచ్చి వారం కాలేదు, ట్రే పట్టుకోవడమే రాదు. ఐలి అనే పిల్ల, ముందు పళ్ళు రెండూ లేవు. నా గరిట ముందు నిలబడి, "బాగుంటుందా?" అంది.

"బాగుంటుంది" అన్నాను.

"నువ్వు తిన్నావా?"

కైసూ, నేను తినలేదు.

ఆ రోజు దాకా ఒక్క ముక్క నోట పెట్టలేదు. వాసన చూశాను, చేత్తో నొక్కి చూశాను, ఉప్పు కొలిచి వేశాను. నోటి దగ్గరికి వచ్చేసరికి అమ్మ గుర్తొచ్చేది. యుద్ధం రోజుల్లో తిండి లేక సార్కి తిని పెరిగిన మనిషి, మనం దాన్ని ముట్టుకుంటేనే చెయ్యి మీద కొట్టేది కదా. "నా పిల్లలకి ఆ గతి పట్టకూడదు" అనేది. పొయ్యి ముందే ఇంత వయసు వచ్చింది నాకు, ఆ దెబ్బ దాటలేకపోయాను. నాకు నోరు లేకనే నీ ఇంటి నాలుగు నోళ్ళు అరువడిగాను. బురద రుచి నాకెందుకు తెలీలేదో ఇప్పుడు అర్థమైందా? నువ్వు వండకుండా బాగుందని రాశావు. నేను తినకుండా బాగుందని వడ్డించబోయాను. ఒక తల్లి పిల్లలమే, అనుమానం లేదు.

ఆ పిల్లకి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. "లేదు, తినలేదు" అన్నాను.

"ఎందుకు?" అంది.

"భయం."

ఆ మాట వెనక వరసలోకి, అక్కణ్ణించి హాలంతా పాకింది. మ్యావులు ఆగిపోయాయి. "వంటాయనకే భయమట" అని పెద్దవాళ్ళు మెడలు చాపారు. ఐలి మాత్రం కదలదు. "అయితే మనిద్దరం ఒకేసారి తిందాం" అంది.

ఏప్రన్‌తోనే ప్లేటు తీసుకుని కౌంటరు ఇవతలికి వచ్చాను. ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తూకం ఆయన కూడా లేచి నిలబడ్డాడు. ఐలి ఒకటి, రెండు, మూడు అంది. కొరికాను.

ఎలా ఉందంటావా? చేపలా ఉంది. మంచి చేపలా, కాస్త తియ్యగా, రై పిండి కరకరగా. ముల్లు లేదు. అమ్మకి ఒక్కటి పెట్టి ఉంటే బాగుండేదనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐలి నా మొహం చూసి కంగారుగా, "గుచ్చుకుందా?" అంది. లేదన్నాను. అప్పుడు తన నోట్లోది నమిలింది. "నాకు పళ్ళు లేకపోయినా నమలొస్తోంది" అని గట్టిగా చెప్పింది.

దాంతో ప్లేటు అంచున తోసినవాళ్ళందరూ కొరికి చూడటం మొదలుపెట్టారు. పందెం లాగా. మళ్ళీ మ్యావులు మొదలయ్యాయి, ఈసారి గరిట దగ్గర, ఇంకోటి వెయ్యమని. అందరూ తిన్నారని రాయను, ఇక నుంచి మనిద్దరి మధ్య అలాంటి ఉత్తరాలు వద్దు. కొందరు వదిలేశారు. ఒకడు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, నిజంగా వాళ్ళ పిల్లికి పట్టుకుపోయాడు. కాని తూకం ఆయన డబ్బా ఎత్తేటప్పుడు నడుం బిగించి ఎత్తాడు, అది ఒక్కసారిగా పైకి లేచిపోయేసరికి వెనక్కి తూలాడు. "వచ్చే వసంతం దాకా మీ పొయ్యిల జోలికి ఎవరూ రారు. అప్పుడు మళ్ళీ వస్తాను" అన్నాడు. రమ్మన్నాను.

ఆ చిన్న కుర్చీలో కూర్చున్నప్పుడు ఒకటి తెలిసింది. ఇన్నేళ్ళూ ఈ పిల్లలు తింటుంటే అవతల నిలబడి వాళ్ళ ప్లేట్లు చూశాను, వాళ్ళ పక్కన ఒక్కసారీ తినలేదు. అందరూ వెళ్ళాక గిన్నెల దగ్గర నిలబడి తినేవాణ్ణి, మీ రైమో లాగే.

నిన్న గురువారం, బఠాణీల సూపు. ఒకటో తరగతి వాళ్ళకి వడ్డించడం అయ్యాక నేనూ ఒక గిన్నె తీసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాను. ఐలి తన పక్క కుర్చీ మీద ఉన్న సంచీ తీసి కింద పెట్టింది.

ఇల్మరి